రంగు పోయిన నీలి నెత్తురు

పొద్దున్నే వచ్చి డయాలిసిస్ జాడీలోకి చూడగానే నెవెంక కంగారుపడింది. నిన్న సాయంత్రం ఆమె చేతులారా వేలాడదీసిన సంచిలో ఆక్టోపస్ నెత్తురు ముదురు నీలంగా ఉంది. ఇప్పుడు అందులో ఉన్నవి గంజి తేటలాంటి నీళ్ళు.

స్ప్లిట్ నగరంలో సముద్రం పక్కనున్న ఆ ల్యాబులో డయాలిసిస్ సామగ్రి అంతా నెవెంక చేతి మీదే నడుస్తుంది. నెత్తురును సన్నటి పొర సంచిలో పోసి, రెండు కొసలా క్లిప్పులు బిగించి, చల్లటి ఉప్పునీళ్ళలో వేలాడదీయాలి. అక్కర్లేని చిన్నాచితకా సరుకంతా పొరలోంచి బయటికి పోతుంది, పెద్ద ప్రోటీను లోపలే ఉండిపోతుంది. వినడానికి తేలికే, పొరకు బుడగలు పట్టాయంటే మాత్రం పని సాగదు. ఆ బుడగల పీడ వదిలించుకుందామనే నిన్న ఆమె, నీళ్ళలోంచి గాలి లాగేసే పంపును విప్పి కొత్త వాషర్లు వేసింది. జాడీ మూతకు కూడా గట్టి రబ్బరు బిగించింది.

కాసేపటికి లోవ్రె వచ్చాడు. ఈ పరిశోధన అతనిది. చదువుకునే రోజుల నుంచీ ఆమెను అత్తా అనే పిలుస్తాడు.

"ఏంటత్తా ఇది? నీళ్ళను వైన్ చెయ్యడం గురించి చర్చిలో విన్నాను గానీ, నెత్తురును నీళ్ళు చేసినవాళ్ళను ఇప్పుడే చూస్తున్నా!"

"నీ వెటకారం తర్వాత. సంచి కారిందేమో చూడనీ."

కారలేదు. బయటి నీళ్ళను పరీక్షిస్తే ప్రోటీను జాడే లేదు. నెత్తురు లోపలే ఉంది, రంగే లేదు.

"అయితే రాగి పోయింది" అన్నాడు లోవ్రె నవ్వు మానేసి. ఆక్టోపస్ నెత్తురుకు ఆ నీలం రాగి వల్లే వస్తుంది. పొర సంచులనేమో వాడేముందు లోహాలను పట్టి లాగే మందులో ఉడకబెడతారు. ఆ మందు కాస్త మిగిలినా నెత్తురులోని రాగిని లాగేసి దాన్ని చంపేస్తుంది. "సంచి సరిగ్గా కడిగావా?"

"కడిగాను నాయనా" అంది గానీ గొంతులో ధైర్యం లేదు. కడిగామనుకున్నవాళ్ళే కదా ఎప్పుడూ పట్టుబడేది.

"మళ్ళీ నెత్తురు తియ్యాల్సిందే మరి." లోవ్రె వల అందుకున్నాడు.

ఆ నెత్తురిచ్చిన ఆక్టోపస్ తొట్టిలో ఒక మూలకు నక్కి ఉంది. జాలర్ల వలలో గాయపడి వచ్చింది. నెవెంక చేత్తో పీతలు తినిపిస్తే ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది. ఇవాళ దాన్ని సముద్రంలో వదలాలి. మరోసారి నెత్తురు తీస్తే బతకదని ఇద్దరికీ తెలుసు.

"ఆగరా! నిజంగా రాగి పోయిందో లేదో చూశాక నీ ఇష్టం."

ఆమె మూత తీసి, సంచి బయటికెత్తి, క్లిప్పు వదులు చేసి ఒక చుక్క తెల్ల పింగాణీ పళ్ళెంలో వేసింది. పరీక్ష సీసా కోసం అటు తిరిగి ఇటు చూసేసరికి ఆ చుక్క నీలంగా ఉంది.

"లోవ్రె! ఇలా రా!"

సంచి మూతి దగ్గర సన్నటి నీలం పుట్టింది. చూస్తుండగానే మెల్లమెల్లగా కిందికి దిగుతోంది. లోవ్రె వంగి చూశాడు.

"గాలి అత్తా, గాలి! నీ పంపు రాత్రంతా నీళ్ళలో గాలి లేకుండా పీల్చేసింది. గాలి పట్టుకుంటేనే ఆ రాగికి నీలం వస్తుంది. ఊపిరాడక రంగు దిగింది, అంతే. రాగి ఎక్కడికీ పోలేదు."

నెవెంక సంచిని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఇన్నేళ్ళుగా ఈ నెత్తురును ఎన్నిసార్లు సంచుల్లో పోసిందో, ఎప్పుడూ సరుకుగానే చూసింది. గుండె లేదు, మొప్పలు లేవు, ఒళ్ళే లేదు. అయినా రవ్వంత గాలి తగలగానే అది ఊపిరి పీల్చుకుంటోంది. ఆమెకు చేతులు జోడించాలనిపించింది.

లోవ్రె వల పక్కన పడేసి బకెట్టు తెచ్చి, ఆక్టోపస్‌ను అందులోకి మార్చాడు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని రాతి మెట్ల దాకా మోసి, మెల్లగా వంచారు. ఆక్టోపస్ ఒక్క క్షణం రాయిని కరుచుకుని, నీళ్ళలోకి జారి మాయమైంది. పైన గదిలో దాని నెత్తురు ఇంకా ఊపిరి పీలుస్తూనే ఉంది.