దిద్దిన ఉత్తరం

పురుషోత్తానికి కాగితం కనబడితే చాలు, దిద్దందే తోచదు. భార్య లలితకుమారి రాసిన కూరగాయల చీటీకి కూడా ఆయన దగ్గర పాసు మార్కులు రాలేదు.

వాళ్లు స్థిరపడిన ఐర్లండులో, బ్లాంచర్డ్స్‌టౌన్ బడిలో కూతురు సుధేష్ణకు ఒక ఉత్తరం రాయమన్నారు. అమెరికాలో తొలి ఇంగ్లీషు వలసదారుల ఇంట పుట్టిన పిల్ల, ఇంగ్లండులో ఉన్న నాయనమ్మకు రాస్తున్నట్టుగా. "నాన్నకు ఇల్లంటే సముద్రానికి అవతల. నాకు మాత్రం ఇక్కడే" అన్న అర్థంతో రాసింది పిల్ల. పురుషోత్తం చివరి వాక్యం కొట్టేసి, "నాకూ అక్కడే" అని మార్చాడు.

మర్నాడు క్లాసులో అందరూ తమ ఉత్తరాలు చదివారు. సుధేష్ణ చదవలేదు.

"ఎందుకు చదవలేదే?" అంది లలితకుమారి.

"ఇట్స్ డాడ్స్ లెటర్ నౌ, అమ్మా. నాట్ మైన్."

"విన్నారా మాస్టారూ?" అంది లలితకుమారి భర్తవైపు తిరిగి.

పురుషోత్తం ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వు రాసింది నిజమేనమ్మా. ఒప్పుకోలేక కొట్టేశాను. తప్పు నాదే" అన్నాడు.