రెండు జాయింట్లు

సోమవారం ఉదయం తూకం తన వ్యాను వెనక తలుపు తీసి కేబుల్ చుట్టను కిందికి దొర్లించాడు. నల్ల రబ్బరు కేబుల్, బొటనవేలంత లావు. లోపల మూడు రాగి తీగలు: ఎరుపు, పసుపు, నీలం. మూతపడ్డ రంపపు మిల్లులో కొన్న సామానుతో పాటు వచ్చింది.

తూకం పాత ఇనుము కొని అమ్ముతాడు. ఆ పేరు అతని తక్కెడ వల్ల వచ్చింది. మేస్త్రి భార్యకు సొంత తమ్ముడు. మేస్త్రి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మోటార్లకు వైండింగ్ చేస్తున్నాడు. ఇంటి వెనక రేకుల షెడ్డే అతని పనిచోటు.

"కాల్చి రాగి తీద్దామనుకున్నా బావా. అంతలో అక్క గుర్తొచ్చింది."

"అక్క గుర్తొచ్చిందా, అక్క పెట్టే టీ గుర్తొచ్చిందా?"

"రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి కదా, వేరు చెయ్యడం నా వల్ల కాలేదు."

మేస్త్రి చుట్ట విప్పి షెడ్డు నుంచి వీధి గేటు దాకా, అక్కడి నుంచి మళ్ళీ షెడ్డు దాకా పరిచాడు. టేపు పెట్టి కొలిచాడు. నలభై రెండు మీటర్లు. మొదటి నుంచి చివరి వరకూ చేత్తో తడుముకుంటూ నడిచాడు. రబ్బరు ఎక్కడా పగల్లేదు. రెండు చోట్ల మాత్రం ఉబ్బెత్తుగా తగిలింది. ఎప్పుడో కేబుల్ తెగితే అతికిన జాయింట్లు అవి. పైన రబ్బరు చుట్టి, వేడి చేసి, మూలకేబుల్‌తో కలిసిపోయేట్టు అతికారు.

"ఇది పని తెలిసిన చెయ్యి" అన్నాడు.

అయినా ఊరికే నమ్మలేదు. రెండు చివరలనూ పక్కపక్కన పెట్టి టెస్ట్ ల్యాంపు తెచ్చాడు. ప్లగ్గుకి తగిలించిన ఒక బల్బు, రెండు సూదులు, అంతే అది. ఈ చివర ఎరుపుకీ ఆ చివర ఎరుపుకీ సూదులు ఆనించాడు. బల్బు వెలిగింది. పసుపుకీ పసుపుకీ వెలిగింది. నీలానికీ నీలానికీ వెలిగింది. తర్వాత రంగులు మార్చి చూశాడు. ఎరుపుకీ నీలానికీ పెట్టాడు, వెలగలేదు. మిగతా రెండు జతలకీ వెలగలేదు.

"ఇంక దీనికి వంక పెట్టడానికి లేదు" అన్నాడు మేస్త్రి.

మంగళవారం కేబుల్ కోశాడు. ముందు గోడ మీద సుద్దతో రాసుకున్నాడు. తన పెద్దక్కకు పద్నాలుగు మీటర్లు. కంప్రెసర్‌కి తొమ్మిది. వెల్డింగ్ సెట్‌కి పది. బెంచికి ఆరు. మిగిలిన మూడు మీటర్లకు తొక్క ఒలిచి ఆకురాళ్ళ పిడులకు తొడిగాడు, రెండు ముక్కలు చీల్చి ఇనుము బిగించే వైసు దవడలకు మెత్తగా అమర్చాడు. లోపలి రాగి చుట్టి డబ్బాలో పెట్టాడు. నాలుగు పెద్ద ముక్కలకూ ఒక చివర ప్లగ్గు, రెండో చివర సాకెట్టు బోర్డు బిగించాడు. తన ఇంటి లెక్క ప్రకారం ఎరుపు కరెంటు వచ్చే ఫేజు, పసుపు అది తిరిగి వెళ్ళే న్యూట్రల్, నీలం మెషీన్ ఒంటిని నేలకు కలిపే ఎర్త్. అన్ని బోర్డులకూ అదే వరస.

భార్య టీ తెచ్చి, గోడ మీద రాత చదివింది.

"ఇంకో రెండు మీటర్లు మిగిలితే నాకూ ఒక ప్లగ్గు పెట్టేట్టున్నారు."

"పెడితే నిన్ను ఆపేదెవరు?"

"స్విచ్చి నా దగ్గరే ఉంటుంది లెండి."

మేస్త్రి పెద్దక్క వేరే ఊళ్ళో ఉంటుంది. బస్సులో గంట దూరం. లాడ్జీల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి ఇస్తుంది. ముందు గదిలో స్టీలు వాషింగ్ మెషీన్ ఉంది. ఈ మధ్యే దాన్ని నీళ్ళు పోయే తూము దగ్గరికి జరిపింది. గోడ మీది సాకెట్టు దూరమైంది. బరువు మోసే పొడుగాటి బోర్డు ఒకటి కావాలని నెల రోజులుగా అడుగుతోంది.

ఆ రోజు పది గంటల నుంచి వీధిలో కరెంటు లేదు. లైన్‌మన్‌లు స్తంభం మారుస్తున్నారు. మూడింటికి తూకం వ్యాను ఆపాడు.

"వదిన ఇంటి మీదుగానే వెళ్తున్నా. బోర్డు ఇచ్చేస్తే పడేసి పోతా."

"కరెంటు రానీ. ఒకసారి పెట్టి చూసి ఇస్తా."

"నిన్న చూశావు కదా బావా! బల్బుకి వాంతి వచ్చేదాకా వెలిగించావు."

మేస్త్రి ఆలోచించాడు. నిన్న చూశాడు. ప్రతి తీగా చూశాడు. బోర్డు చుట్ట చుట్టి ఇచ్చాడు.

తూకం దాన్ని భుజానికి తగిలించుకుంటూ నడుమ తడిమాడు. "ఏంటిది, మధ్యలో కడుపుతో ఉంది?"

"జాయింటు. నీలాంటివాడు కట్టింది కాదు, భయపడకు."

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, నీ బోర్డుని మెడలో వేసుకుని ఊరేగాలా? మెషీన్ కదల్లేదు."

"ప్లగ్గు పూర్తిగా దిగిందా అక్కా?"

"గుద్ది మరీ పెట్టాను."

"స్విచ్చి?"

"వేశా, తీశా, మళ్ళీ వేశా. చచ్చినట్టు పడుంది."

మేస్త్రి చేతిలో ఒక ఫ్యాను మోటారు ఉంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, తీగ చుడుతూనే చెప్పాడు.

"లూజు కనెక్షనై ఉంటుంది. మెషీన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకి లాగు. వెనకాల వైరు దిగేచోట చెయ్యి పెట్టి కదిలించు. స్విచ్చి వేసే ఉంచు, అతికితే వెంటనే తెలుస్తుంది."

"ఇప్పుడు కాదు. దుప్పట్లు సాయంత్రానికి కావాలన్నారు. ముందు పెరట్లో కుళాయి కింద చేత్తో ఉతుక్కుని, అప్పుడు చూస్తా. నీ పని నమ్ముకుంటే నా నడుం విరిగింది."

"స్విచ్చి తియ్యకు."

"అలాగేరా."

రెండున్నరకు మేస్త్రి ఫ్యాను మోటారు పక్కన పెట్టాడు. ఒక రేకుకు రంధ్రాలు వెయ్యాలి. మంగళవారం చేసిన బోర్డుల్లో బెంచిది ఇంకా గోడ మేకుకే వేలాడుతోంది. దాన్ని తీసి ప్లగ్గు పెట్టాడు. డ్రిల్లింగ్ మెషీన్ వైరు దానికి తగిలించాడు. స్విచ్చి నొక్కాడు. మెషీన్ తిరగలేదు.

రెండోసారి నొక్కాడు. తిరగలేదు. వెనక ఫ్యూజు చూద్దామని మెషీన్ ఇనప స్తంభం మీద ఎడమ చెయ్యి వేశాడు.

దెబ్బ మోచెయ్యి దాటి భుజం దాకా వచ్చింది. కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయి, కింద చెక్క పలక ఉంది. అందుకని చెయ్యి వెనక్కి వచ్చింది.

జేబులోంచి టెస్టర్ తీసి స్తంభానికి ఆనించాడు. వెలిగింది. ఇనప బల్లకు ఆనించాడు. వెలిగింది. తిరగని మెషీన్ మీద ఎక్కడ పెట్టినా వెలిగింది.

ప్లగ్గు పీకాడు. బోర్డు విప్పాడు. తన బిగింపులో తప్పు లేదు. కేబుల్ పొడుగునా తడిమాడు. రెండో మీటరు దగ్గర జాయింటు తగిలింది. కత్తితో రబ్బరు చీల్చాడు. లోపల పసుపు పసుపుతోనే కలిసి ఉంది. ఎరుపు నీలంతో కలిసి ఉంది, నీలం ఎరుపుతో. పోగు పోగూ అల్లి, గట్టిగా నొక్కి, వేరువేరుగా టేపు చుట్టారు. పొరపాటున కలిపింది కాదు. కావాలని మార్చింది.

ఎందుకు మార్చారో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మిల్లు మోటారుకు మూడు తీగల్లోనూ కరెంటే నడుస్తుంది. ఎర్త్ వేరే పట్టీ మీద వస్తుంది. వైండింగ్ చేసి తెచ్చిన మోటారు ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. అప్పుడు మూడింటిలో రెండు తీగలను అటూ ఇటూ మార్చాలి. ఎక్కడ మార్చినా ఒకటే. మేస్త్రి తన దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ చెప్పే మాటే అది. "ఎదురు తిరిగిందా? ఏవో రెండు వైర్లు మార్చెయ్యండి, సరిపోతుంది." ఆ మిల్లు మోటారుకు రెండుసార్లు వైండింగ్ చేసింది అతనే. ఆ మాట వాళ్ళకు చెప్పాడో లేదో గుర్తు లేదు. చెప్పకుండా ఉండడు.

మిల్లులో ఒక జాయింటు దగ్గర తీగలు మార్చారు. కొన్నాళ్ళకు రెండో జాయింటు దగ్గర అవే రెండింటినీ మళ్ళీ మార్చారు. రెండుసార్లు మారిన ఎరుపు చివరికి ఎరుపుగానే బయటికి వచ్చింది. సోమవారం బల్బు అబద్ధం చెప్పలేదు. నలభై రెండు మీటర్లకు అది నిజం. మంగళవారం అతను దాన్ని కోశాడు.

జాయింటు ఉన్న ముక్కలో ఫేజు వెళ్ళి ఎర్త్ పిన్నులో తేలుతుంది. మెషీన్‌కు నడవడానికి కరెంటు అందదు. దాని ఒంటి నిండా మాత్రం కరెంటే.

రెండో జాయింటు ఎక్కడుందో వెతకనక్కర్లేదు. తూకం భుజాన వేసుకుని నవ్వాడు, మధ్యలో కడుపుతో ఉందని.

మేస్త్రి అక్కకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. స్విచ్చి వేసే ఉంచమన్నది తను. రెండు చేతులతో పట్టుకోమన్నది తను. మూడోసారి చేశాడు. భార్య షెడ్డు గుమ్మంలోకి వచ్చింది.

"ఏమైందండీ? ఆ మొహమేంటి?"

"అక్క ఎత్తట్లేదు. ఆ మెషీన్ ముట్టుకోకూడదు."

"మీ మీద కోపంగా ఉండుంటారు. నేను చేస్తానుండండి" అంటూ ఆమె తన ఫోను వెతుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళింది.

అతను నాలుగోసారి, అయిదోసారి చేశాడు. తర్వాత తూకానికి చేశాడు. తూకం ఆ వైపే, అక్క ఇంటికి రెండు మలుపుల ఇవతల పాత బీరువా తూస్తున్నాడు.

"తక్కెడ వదిలెయ్. మా అక్క ఇంటికి పరిగెత్తు. ఫోను కట్ చెయ్యకు."

"ఏంటి బావా, కొంపలంటుకున్నట్టు..."

"పరిగెత్తరా!"

ఫోనులో బూట్ల చప్పుడు, ఆయాసం, ఎవరిదో హారన్ వినిపించాయి. పరిగెడుతూనే తూకం సంగతి విన్నాడు. తర్వాత జోక్ వెయ్యలేదు.

"వచ్చా బావా. తలుపు తీసే ఉంది. ముందు గదిలో ఎవరూ లేరు. నేలంతా నీళ్ళు."

"గుమ్మం దాటకు. మెయిన్ స్విచ్చి ఎక్కడుందో చూడు."

"చూస్తున్నా. ఇక్కడ ఫోను మోగుతోంది. వదినదే, మెషీన్ మూత మీద ఉంది. ఉండు, ఎత్తి..."

"ముట్టుకోకు!"

మేస్త్రి చేతిలోని ఫోను వైపు చూసుకున్నాడు. తను మాట్లాడుతున్నది తూకంతో. మరి అక్కకు ఎవరు చేస్తున్నారు?

వంటింటి కిటికీలోంచి భార్య కనిపించింది. ఫోను చెవికి ఆనించుకుని ఉంది.

"బావా, వదిన వస్తోంది. పెరట్లోంచి. ఫోను వినబడినట్టుంది."

"పెట్టెయ్!" అని అరిచాడు మేస్త్రి, కిటికీ వైపు.

"రింగవుతోందండీ" అంది భార్య. "ఇప్పుడెత్తుతారు."

"పెట్టెయ్! మెయిన్ తియ్యరా! అక్కని ముట్టుకోకు, మెయిన్ తియ్యి!"

చెవిలో, దూరంగా అక్క గొంతు వినిపించింది. "గుమ్మంలో నిలబడ్డావేంట్రా తూకం, లోపలికి రా. ఉండు, ఈ ఫోనెవడో ప్రాణం తీస్తున్నాడు..."

టక్కుమని ఒక చప్పుడైంది.

స్విచ్చి కిందికి లాగితే వచ్చే చప్పుడు ఎలా ఉంటుందో మేస్త్రికి తెలుసు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రోజూ వింటున్నాడు. ఇది అదో కాదో అతనికి తెలియలేదు. అక్క నుంచి మాట లేదు. తూకం నుంచి మాట లేదు. నీళ్ళ చుక్కలు పడుతున్న చప్పుడు మాత్రం వస్తోంది.

"కరెంటెందుకు తీశావురా?" అంది అక్క. "తాగొచ్చావా?"

తూకం తన చేతిలోని ఫోను ఆమెకు అందించినట్టున్నాడు. ఆమె గొంతు దగ్గరికి వచ్చింది.

"ఏంట్రా ఇది? వీడు మెయిన్ స్విచ్చి మీంచి చెయ్యి తియ్యట్లేదు. నా ఫోనులో చూస్తే నువ్వూ నీ పెళ్ళామూ కలిసి ఆరుసార్లు చేశారు."

"అక్కా, ఇందాక నేను చెప్పినట్టు మెషీన్ కదిలించావా?"

"ఎక్కడ కదిలిస్తాను? ఫోను దాని మీద పడేసి వెళ్ళిందాన్ని ఇప్పుడే వస్తున్నా."

"కాళ్ళకి చెప్పులున్నాయా?"

"తడి నేల మీద చెప్పులేంట్రా, జారిపడి చావనా?"

మేస్త్రి చెక్క పలక మీద కూర్చున్నాడు.

"బయట మెట్ల మీద కూర్చో అక్కా. లోపలికి వెళ్ళకు. ఎవర్నీ వెళ్ళనివ్వకు. నేను వస్తున్నాను."

"వచ్చి దుప్పట్లు ఉతుకుతావా?"

"ఉతుకుతాను."

ఫోను పెట్టేశాడు. బెంచి మీద చీల్చిన జాయింటు ఉంది, ఎరుపు నీలంతో, నీలం ఎరుపుతో. దాన్ని సంచిలో వేసుకున్నాడు. టెస్టరూ కటింగ్ ప్లయరూ వేసుకున్నాడు. కంప్రెసర్‌కీ వెల్డింగ్ సెట్‌కీ చేసిన ముక్కలను మళ్ళీ ఒకసారి తడిమి, రెండింటికీ ప్లగ్గులు కోసేశాడు.

భార్య చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"మాట్లాడారా?" అంది. "చూశారా మరి. మీరు అయిదుసార్లు చేస్తే వినబడలేదు. నేను ఒక్కసారి చేశాను, పరిగెత్తుకొచ్చారు."

మేస్త్రి సంచి భుజానికి తగిలించుకుని, ఆమెకు ఏమీ చెప్పకుండా బస్సు కోసం బయల్దేరాడు.