జవాబులో లేనివాళ్లు

మా ఊరు రిజర్వాయరులో మునిగాక సర్కారు ఇల్లు రాని ఒంటరి ఆడవాళ్లు ఎందరని మా ఎమ్మెల్యే శాసనసభలో రాతపూర్వకంగా ప్రశ్న వేశాడు. జవాబు తయారు చేసే గుమాస్తా గజేందర్ సిద్దిపేటలో నేనొక్కదాన్నే ఉండే కిరాయి గదికి వచ్చాడు. లెక్కలో నా పేరు ఉంటే ఇల్లు వస్తుందని సంబరంగా చాయ పోశాను.

"నువ్వు ఒంటరివి కాదవ్వా. తమ్ముని ఇంట్ల ఉంటున్నవని రాసిన."

"ఊరు మునిగినంక వాని మొకమే చూడలేదు బిడ్డా!"

"కాయితంల మీ ఇద్దర్ని నేను కలిపిన గద, సంతోషపడు" అని నవ్వి, చాయ తాగి పోయాడు.

సభలో పెట్టిన జవాబును నెల తర్వాత చదివాను. "ఒక్కరూ లేరు" అని ఉంది.

ఎమ్మెల్యే ఆఫీసుకు పరుగెత్తాను. ఆయన పీఏ తల ఎత్తలేదు.

"ప్రశ్నకు జవాబొచ్చిందవ్వా. ఇగ ఇంటికి పో."