మెట్టుకో ఓటు

నేను ఒక వెదురు నిచ్చెనను. సాలూరు సంత దగ్గర ఎండమ్మ అనే మేదరావిడ నన్ను తయారు చేసింది. ఒక్కో మెట్టూ బిగించి, దాని మీద నిలబడి గెంతి చూసేది. “ఇరగవు గాని, ఎవుడి కాలికింద పడతావో!” అని గొణిగేది.

రాజకీయాల కాళ్ళ కింద పడ్డాను. వేగులపాడులో జెండాలూ ఫ్లెక్సీలూ కట్టే గురువులు నన్ను కొనుక్కున్నాడు. అక్కడి పార్లమెంటు స్థానంలో పెద్ద పార్టీలు రెండు. ఒకసారి ఇది, మరోసారి అది, ఎప్పుడూ వెంట్రుకవాసి తేడాతోనే గెలిచేవి. రెండింటి జెండాలూ నా మీద నిలబడే కట్టేవారు. ఎక్కినవాడు పైకి చూసేవాడు, దిగినవాడు చేతులు దులుపుకునేవాడు. నన్ను చూసినవాడు గురువులొక్కడే.

అతని మనసు మాత్రం మూడో పార్టీది. దాని పేరు శ్రామిక సభ. మూతబడ్డ జూట్ మిల్లులో ఒకప్పుడు పనిచేసిన తవిటమ్మ దాని అభ్యర్థి. ఎన్నిసార్లు నిలబడినా మూడో స్థానమే. ఊళ్ళో దాన్ని ‘ఓట్లు చీల్చే పార్టీ’ అనేవారు. ఈసారి రాష్ట్ర నాయకులు తేల్చి చెప్పేశారు: వేగులపాడులో గెలవకపోతే పార్టీని ఓ పెద్ద పార్టీలో కలిపేస్తామని. ఆ మాట విన్న రోజు గురువులు అన్నం ముట్టలేదు.

దానికి తోడు, వీళ్ళు నాగలి గుర్తు అడిగితే అధికారులు నిచ్చెన ఇచ్చారు.

“నాగలైతే రైతు సూస్తాడు. నిచ్చెననెవుడు సూస్తాడప్పా?” అన్నాడు గురువులు దిగాలుగా.

అతని పెరటి గోడకి ఆనుకున్న నన్ను చూసి తవిటమ్మ పకపకా నవ్వింది. “నీ ఇల్లు బంగారం గానూ! గుర్తు నీ ఇంట్లోనే ఉంటే ఏడుస్తావేట్రా?”

ఆ రోజు నుంచి నేను భుజాల మీద ఊరేగాను. మిల్లు తెరిపించే దాకా ఢిల్లీలో ఎవరినీ కూర్చోనివ్వనని తవిటమ్మ గుమ్మం గుమ్మానికీ చెప్పింది. ఓ పెద్ద పార్టీకి పట్టణ అధ్యక్షుడైన చక్రపాణి బజారు కూడలిలో ఎదురయ్యాడు.

“ఏటి గురువులూ, నిచ్చెనకెన్ని మెట్లుంటే అన్ని ఓట్లేనట గదా మీకు!”

బజారంతా నవ్వింది. గురువులు తల దించుకుని నన్ను మోసుకుపోయాడు.

కానీ రోజులు గడిచేకొద్దీ మా వెనక జనం పెరిగారు. చక్రపాణికి బెంగ పట్టుకుంది. ప్రచారం ముగిసిన సాయంత్రం, ఊళ్ళో కనబడే నిచ్చెనలన్నీ ప్రచారమేనని ఎన్నికల అధికారులకి ఫిర్యాదు చేశాడు. నిబంధన నిబంధనే కదా! కరెంటువాళ్ళ నిచ్చెనకీ, బడి నిచ్చెనకీ, కల్యాణమండపం నిచ్చెనకీ, నాకూ తెల్లగుడ్డలు చుట్టేశారు. మనుషులు చిత్రమైనవాళ్ళు. ఎదురుగా ఉన్నదాన్ని చూడరు, దాచిపెడితే మాత్రం గుమిగూడతారు.

“ఓలమ్మీ, ఆ గుడ్డలో ఏటే?”

“నిచ్చెనటప్పా. తవిటమ్మ గుర్తట. సూస్తే ఓటేసెత్తామని కప్పీసినారు!”

“అంత గొప్పదైతే ఏసీసే వద్దాం పద!”

వేసేశారు. లెక్కింపు రోజున ఆఖరి రౌండులో తవిటమ్మ గెలిచింది. ఇంతకీ ఓట్లు చీల్చుకున్నవి ఆ పెద్ద పార్టీలు రెండూనే!

గెలుపు తమదేనని చక్రపాణి ముందురోజే తన మేడకి పెద్ద విజయోత్సవ ఫ్లెక్సీ కట్టించుకున్నాడు. కట్టింది గురువులే, నా మీద నిలబడే. ఇప్పుడు దాన్ని విప్పాలి. అనుచరులు ఒక్కరూ కనబడలేదు. గురువులుకే కబురొచ్చింది. మెడలో పూలదండతో నేనూ, వెనకాల ఊరేగింపుతో తవిటమ్మా వెళ్ళాం. వాన పడి నేలంతా బురద.

“జారతంది బావూ. కాస్త పట్టుకోండి,” అన్నాడు గురువులు.

చక్రపాణి నాలుగువైపులా చూశాడు. దిక్కులేక రెండు చేతులా నన్ను పట్టుకున్నాడు. వీధి వీధంతా గొల్లుమంది.

“ఓర్నాయనో! సక్రపాణి గారు మన గుర్తు పట్టుకున్నారు!”

“నవ్వకండర్రా, మనోడు పడిపోతాడు,” అని కసిరి, తవిటమ్మే ముందు నవ్వేసింది.

ఫ్లెక్సీ చంకలో పెట్టుకుని గురువులు ఒక్కో మెట్టు మీదా ఆగి, “ఒకటి... రెండు...” అంటూ దిగుతున్నాడు.

“ఏటా లెక్క?” చక్రపాణి విసుక్కున్నాడు.

“మా ఓట్లు బావూ. తమరు సెప్పినవే.”

శ్రామిక సభ ఎందులోనూ కలవలేదు. నన్ను ఆఫీసు గోడకి వేలాడదీసి దండ వేస్తామన్నారు. గురువులు ఒప్పుకోలేదు. కొన్నాళ్ళకి మిల్లు తెరవమని ఉత్తర్వు వచ్చింది. ఇవాళ ఆ గేటుకే ఆనుకుని ఉన్నాను. తుప్పుపట్టిన బోర్డుకి గురువులు పైన నిలబడి రంగు వేస్తున్నాడు. కింద నన్ను గట్టిగా పట్టుకుని నిలబడింది మా ఎంపీ గారు.