ఉడికిన ఒడ్డు

పరస్కోవ్యా చేతిలోని గొట్టం నుంచి వేడినీళ్ళు దూసుకెళ్ళి బండను కొట్టాయి. బండ మీది నల్లటి జిడ్డు పాయలుపాయలుగా విడి కిందికి జారింది. దాని వెంట ఆల్చిప్పలు కూడా రాలాయి. రాలిన వాటి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. లోపల మాంసం ఉడికిపోయింది. ఆవిరిలోంచి వంటింటి వాసన వచ్చింది.

ఆమె గొట్టం కొసను పక్కకు తిప్పి, వంగి ఒక చిప్పను చేతిలోకి తీసుకుంది. ట్యాంకర్ ఓడ నీటి అడుగు రాతిదిబ్బకు గుద్దుకుని, ముడిచమురు ఈ చల్లటి సముద్రమంతా పరుచుకుని ఏడు వారాలైంది. ఆ ఏడు వారాలూ నూనెలో మునిగి, మూతి బిగించుకుని బతికిన ప్రాణి ఇది. దీన్ని చంపింది తన చేతిలోని నీళ్ళు.

"ఆపమన్నదెవరు?" బార్జి అనే బల్లపరుపు పడవ మీంచి సూపర్‌వైజర్ కెల్సో అరిచాడు. "రేపు పెద్దవాళ్ళొస్తున్నారు. టీవీ వాళ్ళూ వస్తున్నారు. రాళ్ళు తెల్లగా కనబడాలి."

"ఇవి బతికే ఉన్నాయి" అంది పరస్కోవ్యా.

"నీకు జీతమిస్తున్నది రాళ్ళు కడగడానికి. నత్తలకి పురుడు పొయ్యడానికి కాదు."

ఆ మాటకు నవ్వాల్సినవాళ్ళు ఇరవైమంది ఉన్నారు. ఒక్కరూ నవ్వలేదు. పసుపుపచ్చ రబ్బరు కోట్లలో, మోకాళ్ళ దాకా జిడ్డులో, ఎవరి గొట్టం వాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. సగం మంది తలిక్నాక్ ఊరి అలూటిక్ జనం, తరతరాలుగా ఈ ఒడ్డున బతికే ఆదివాసులు. మిగతా సగం నగరం నుంచి చమురు కంపెనీ తెచ్చిన పనిలేని వాళ్ళు. ఊరివాళ్ళను ఊళ్ళో, నగరం వాళ్ళను బార్జి మీది ఇనప గదుల్లో వేరువేరుగా ఉంచాడు కెల్సో. వీళ్ళ దగ్గర వాళ్ళను దొంగలన్నాడు. వాళ్ళ దగ్గర వీళ్ళను తాగుబోతులన్నాడు.

పరస్కోవ్యాకు యాభై రెండేళ్ళు. ఆటు వేళ పార పట్టుకుని ఇసకలో గుల్లలు తవ్వి బతికిన మనిషి. ఆ వసంతంలో హెర్రింగ్ చేప గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చిందిగానీ, చమురంటిందని పట్టుకోనివ్వలేదు. సాల్మన్ చేపల వేట మూసేశారు. తినేవాటి సంగతేమిటని అడిగితే, వాసన చూసుకుని తినండని కాగితం పంపింది ప్రభుత్వం. అప్పటికే అందరి ముక్కుల్లోనూ చమురే ఉంది. నీటిపిల్లులు బొచ్చుకు జిడ్డంటి, చలికి వణుకుతూ ఒడ్డెక్కి, తమ ఒళ్ళు తామే నాక్కుని చచ్చాయి. వాటిని సంచుల్లో కట్టి ఇవ్వాలేగానీ ఫొటో తీయకూడదన్నాడు కెల్సో. వేట పోయాక మిగిలింది ఆ కంపెనీ కూలే. సముద్రాన్ని చంపినవాడి దగ్గరే సముద్రాన్ని కడిగే పనికి చేరింది ఊరు.

ఆ సాయంత్రం ఆమె చెల్లెలు అన్‌ఫీసా ఇంట్లో ఎఫ్రెన్ కూర్చోలేక, పడుకోలేక దగ్గుతున్నాడు. ఎఫ్రెన్ అన్‌ఫీసా మొగుడు, ఫిలిప్పీన్స్ మనిషి. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు కత్తి పట్టినవాడు, రెండు సమ్మెలు నడిపినవాడు. ఇప్పుడు ఒడ్డు కడిగే పనిలో ఊపిరికి మాస్కులిమ్మని కెల్సోను అతను మూడుసార్లు అడిగాడు. మాస్కులు పెట్టుకుంటే టీవీలో చూసేవాళ్ళు భయపడతారని జవాబొచ్చింది.

పరస్కోవ్యా జేబులోంచి ఉడికిన చిప్ప తీసి అతని ముందు పెట్టింది. అతను దాన్ని వేళ్ళతో తిప్పి చూశాడు.

"తర్వాత ఏ ఒడ్డు, వదినా?"

"గుల్లల రేవు. ఎల్లుండి."

గుల్లల రేవుకు చమురు అంచు మాత్రమే తాకింది. ఇసకలో గుల్లలు ఇంకా బతికే ఉన్నాయి. పై రాళ్ళను వేడినీళ్ళతో కొడితే ఆ నూనె కిందికి దిగి ఇసకలోకి ఇంకుతుందని ఊళ్ళో ప్రతి ముసలమ్మకూ తెలుసు. కంపెనీకి మాత్రం త్వరగా తెల్లబడే ఒడ్డు కావాలి, కెమెరాల కోసం.

మరునాడు ఆదివారం. ప్రార్థన అయ్యాక చర్చి పక్క గదిలో టీ కాచారు. ఊరంతా వచ్చింది. నగరం కూలీల్లోంచి వెర్నా అనే ఆమె మరో ఐదుగురిని వెంటేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. కంపెనీ మనుషులకు ఇక్కడేం పనని ఎవరో గొణిగారు.

"కంపెనీకి మనుషులుండరు. కూలోళ్ళే ఉంటారు" అంది వెర్నా. చొక్కా చేతులు పైకి మడిచి చూపించింది. మోచేతుల దాకా చర్మం ఊడి ఎర్రగా పుండై ఉంది. గొణిగినవాడే జరిగి బెంచీ మీద చోటిచ్చాడు.

గుల్లల రేవులో పని ఆపాలా వద్దా అని మాటలు ముదిరాయి. పని మానేస్తే చలికాలం ఏం తినాలని కొందరు, పని చేస్తే వచ్చే చలికాలం తర్వాత ఏం తినాలని కొందరు. పరస్కోవ్యా అన్న మకారీ అందరికంటే గట్టిగా అరిచాడు. అతని పడవ కంపెనీకి అద్దెకు తిరుగుతోంది. గొట్టాల బార్జిని లాగేది అదే.

"నేను లాగకపోతే ఇంకొకడు లాగుతాడు. నీ గుల్లల కోసం నా పిల్లల నోట్లో మన్ను కొట్టమంటావా?"

"నీ పిల్లలు ఆ గుల్లలు తినే పెరిగారన్నా" అంది పరస్కోవ్యా. గొంతు పెంచలేదు. మకారీ టీ కప్పు కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

అప్పుడు ఎఫ్రెన్ దగ్గుకూ దగ్గుకూ మధ్య చెప్పాడు. ఒకరిద్దరు ఎదురు మాట్లాడితే వాళ్ళను పంపేసి వేరేవాళ్ళను తెచ్చుకుంటారని, అందరూ కూర్చుంటే అందర్నీ పంపలేరని, ఫ్యాక్టరీలో తను నేర్చుకున్న చదువు ఇదొక్కటేనని. రెండే కోరికలు అనుకున్నారు. ఊపిరికి మాస్కులు. ఏ ఒడ్డుని ఎలా కడగాలో ఊరిని అడిగి కడగడం.

సోమవారం పొద్దున్నే, నీళ్ళు వెనక్కి తీస్తుండగా, నలభైమంది గుల్లల రేవులో తడి ఇసక మీద కూర్చున్నారు. ఎనభై ఏళ్ళ అగ్రఫేనా బామ్మ సీలు అనే సముద్రజంతువు తోలు పరుచుకుని మధ్యలో కూర్చుంది. చలి ఎముకల్లోకి దిగుతోంది. పొగమంచులోంచి మకారీ పడవ, దాని వెనక బార్జి వచ్చాయి. పరస్కోవ్యా అన్న వైపే చూసింది. అతను చూపు తిప్పుకుని ఇంజిను ఆపాడు.

కెల్సో గొట్టాలు తెరవమన్నాడు. వెర్నా గొట్టాన్ని తెచ్చి రాళ్ళ మీద నెమ్మదిగా పెట్టి, తనూ వచ్చి ఇసక మీద కూర్చుంది. ఆమె వెనక ఒకడు, ఆ వెనక ఇద్దరు. పసుపు కోట్లన్నీ ఒకటొకటిగా కూర్చున్నాయి. మూడు వారాలుగా ఒకరి ముఖం ఒకరు చూసుకోని వాళ్ళు భుజం భుజం ఆనించి కూర్చున్నారు.

కెల్సో ముఖం కందిపోయింది. తనే దిగి గొట్టం అందుకున్నాడు. రాళ్ళ మీదే కొట్టాననీ, చెయ్యి జారిందనీ తర్వాత చెప్పుకున్నాడు. వేడినీళ్ళు అగ్రఫేనా వైపు రావడం అందరూ చూశారు. ఎఫ్రెన్ లేచి ఆమె మీదికి వంగాడు. నీళ్ళు అతని మెడ మీద, వీపు మీద పడ్డాయి. అతను అరవలేదు. అన్‌ఫీసా అరిచింది. వెర్నా పరుగెత్తి పంపు మీట దించేసింది.

గంటలో నీళ్ళ మీద వాలే విమానంలో పోలీసులొచ్చారు. ఎఫ్రెన్‌ను ఆసుపత్రికి తీసుకెళ్ళి, మంచం పక్కన కాపలా పెట్టారు. పని ఆపించిందని పరస్కోవ్యాను అరెస్టు చేశారు. కెల్సోను మాత్రం ఏమైందని కూడా అడగలేదు. ఆమె విమానమెక్కేసరికి పోటు తిరిగి నీళ్ళు నడుముల దాకా వస్తున్నా ఒడ్డున ఎవరూ లేవలేదు. గుల్లలను సముద్రం కప్పేశాకే లేచారు.

పట్నం కోర్టులో జడ్జి మర్యాదగానే మాట్లాడాడు. ఆ ఒడ్డు మీద మళ్ళీ కాలు పెట్టనని సంతకం చేస్తే ఇంటికి వెళ్ళిపోవచ్చన్నాడు.

"రేపు ఆటు పొద్దున ఎనిమిదింటికండీ" అంది పరస్కోవ్యా. "అప్పటికి నేనక్కడ ఉండాలి. రానని ఎలా రాయను?"

సంతకం పెట్టలేదు. లోపలికి పంపారు. గోడల మధ్య ఇనప బెంచీ మీద ఆమెకు నిద్ర పట్టలేదు. చేతుల నుంచి చమురు వాసన పోలేదు. తను కడిగిన ఆ మొదటి ఒడ్డు గుర్తొచ్చింది. టీవీలో అది తెల్లగా మెరిసి ఉంటుంది. ఆ తెల్లటి రాళ్ళ మీద ఒక్క ప్రాణి లేదు. రాళ్ళ కింద చెయ్యి పెడితే నల్లటి నూనె అలాగే ఊరుతోంది. దాన్ని ఎవరు, ఎన్నేళ్ళకు తీస్తారో ఆమెకు తెలియదు.

మరునాడు మధ్యాహ్నం అన్‌ఫీసా జైలుకు ఫోన్ చేసింది. ఎఫ్రెన్ వీపంతా కట్లు కట్టారని, ఊపిరి మాత్రం ఇంకా గరగరమంటోందని చెప్పింది.

"అక్కా, మకారీ అన్న పొద్దున బార్జి తాడు విప్పేశాడు. పడవని తెచ్చి రేవు మూతికి అడ్డంగా లంగరేశాడు."

"ఒక్కడేనా?"

"అన్న వెనక ఇంకో పది పడవలు. పక్క దీవి వాళ్ళవి కూడా. కెల్సో నగరం నుంచి కొత్త కూలోళ్ళని తెచ్చాడు. వెర్నా వాళ్ళతో ఏం మాట్లాడిందో ఏమో, వాళ్ళు బార్జి దిగలేదు."

పరస్కోవ్యా ఫోనును చెవికి గట్టిగా అదుముకుంది. "రేపెవరు కూర్చుంటున్నారు?"

"రాసుకున్నాం, చదవనా?" అంది అన్‌ఫీసా. మొదట అగ్రఫేనా పేరు చదివింది. తర్వాత మకారీ, అతని పెళ్ళాం. వెర్నా. తర్వాత పరస్కోవ్యా ఎన్నడూ వినని నగరం పేర్లు, పక్క దీవి పేర్లు, డబ్బాల ఫ్యాక్టరీ వాళ్ళ పేర్లు. కాపలా మనిషి వచ్చి టైమైపోయిందన్నాడు. ఆమె కదల్లేదు. అతను రెండోసారి చెప్పి, చెయ్యి చాపి ఫోను అందుకున్నాడు.

అన్‌ఫీసా ఇంకా పేర్లు చదువుతూనే ఉంది.