ఆ ఇంటి తూకం

టైర్ల షాపులో పనిచేసే అతను పొద్దున్నే లేచి చేసే మొదటి పని తూకం చూసుకోవడం. తను దిగాక అమ్మని ఎక్కించేవాడు. రెండూ కలిపితే ఎప్పుడూ ఒకటే లెక్క. ఆ ఇంటి బరువు మారదు. ఒకరు చిక్కితే ఇంకొకరు ఒళ్లు చేస్తారు. నాన్న పోయిన రోజు ఆయన బరువు తల్లికీ కొడుక్కీ చెరిసగం వచ్చి చేరింది. ఆ వీధిలో కొన్ని ఇళ్లకి నీళ్లు సరిగా రావు, కొన్ని ఇళ్ల గోడలు చెమ్మగిల్లుతాయి, ఈ ఇల్లు ఇలా. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు.

అతను దేహదారుఢ్య పోటీలకి వెళ్లేవాడు. కండలు పెంచే కాలంలో గుడ్లూ చికెనూ లాగిస్తుంటే అమ్మ పుల్లలా తయారయ్యేది. పోటీ దగ్గరపడి అతను నోరు కట్టుకుంటే ఆవిడ బుగ్గలు నిండేవి. ఆవిడది కుట్టుపని. అందుకే తన బట్టలన్నిటికీ లోపల నాలుగు వేళ్ల గుడ్డ వదిలి కుట్టుకునేది.

"కడుపు మాడ్చుకునేది నువ్వు, ఒళ్లొచ్చేది నాకు. ఇదేం న్యాయంరా?" అనేది. అతని పోటీ చడ్డీ కూడా ఆవిడే కుట్టింది. "ఈ జానెడు గుడ్డకి మళ్లీ కొలతలొకటి!" అని పడీపడీ నవ్వింది. పోటీ చూడ్డానికి మాత్రం ఒక్కసారీ రాలేదు. పదిమందిలో కొడుకుని ఆ వేషంలో చూడాలంటే సిగ్గట.

జిమ్ మాస్టారికి ఒక పద్ధతుంది. సీజన్ మొదట్లో ప్రతివాణ్నీ కూర్చోబెట్టి చెప్పేవాడు.

"ఒక్క గురే పెట్టుకున్నావనుకో, అది తప్పితే ఏడాది కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు. అందుకని మూడు పెట్టుకో. ఒకటి జడ్జీల చేతిలో ఉండేది. ఒకటి నీ చేతిలో ఉండేది. మూడోది నీ ఇష్టం, పోటీకి సంబంధం లేకపోయినా సరే."

"మొదటి బహుమతి," అన్నాడు అతను. "నిరుటికంటే నా వీపు బాగుండాలి." మూడోదానికి కాసేపు ఆలోచించాడు. "అమ్మ వచ్చి ముందు వరసలో కూర్చోవాలి."

"అన్నిట్లోకీ అదే కష్టంరోయ్," అన్నాడు మాస్టారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ ఏడు అతనికి కండ మునుపెన్నడూ లేనంత తొందరగా వచ్చింది. తిండి పెంచలేదు, బరువులు పెంచలేదు, అయినా భుజాలు పొంగుతున్నాయి. మాస్టారు వీపు చరిచి మురిసిపోయాడు. అద్దంలో చూసుకుని అతనూ మురిసిపోయాడు. ఆ మురిపెంలో పడి, పొద్దున్నే అమ్మని తూకం ఎక్కించడం మర్చిపోయాడు. ఒకరోజు ఆవిడ సూదిలో దారం ఎక్కించలేక, రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మణికట్టు పట్టుకుంటే చీపురుపుల్లలా ఉంది. ఏదో జబ్బు ఆవిడ దగ్గర లాక్కున్నదంతా తెచ్చి ఇతని భుజాల మీద పెట్టింది. అద్దం ముందు మురిసిపోయినందుకు తనని తాను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది అతనికి.

"బరువు పెరిగితేనే మందు తట్టుకుంటారు," అంది డాక్టరమ్మ. అతని వైపు చూసి, "మీకు తగ్గడం అలవాటేగా," అని కూడా అంది.

ఆ రోజు నుంచే తిండి తగ్గించాడు. మాస్టారు లబోదిబోమన్నాడు.

"పోటీకి ఇంకా బోలెడు రోజులున్నాయి! ఇప్పట్నుంచే దించితే స్టేజీ ఎక్కేసరికి గాలి తీసిన టైరులా ఉంటావు. మొదటి గురి గంగలో కలిసినట్టే."

"మూడోది ఉందిగా మాస్టారూ."

ఉడికించిన తెల్లసొన, ఉప్పులేని కూరముక్కలు, అంతే తిండి. షాపులో జాకీ తిప్పుతుంటే కళ్లు బైర్లు కమ్మేవి. అతను దించిన ప్రతి కిలో అమ్మకి చేరేది. జబ్బు దాన్ని లాక్కుని మళ్లీ ఇతని మీద పడేసేది. ఇతను మళ్లీ దించేవాడు. చివరికి ఇతనిదే పైచెయ్యి అయినట్టు కనిపించింది. అమ్మ లేచి కూర్చుంది. కిటికీ దాకా నడిచింది. ఎదురింటావిడతో ఒక గొడవ కూడా పెట్టుకుంది. ఆ గొడవ వింటూ అతను వంటింట్లో నిలబడి ఏడ్చాడు, సంతోషం పట్టలేక.

"ఈసారి వస్తాన్రా," అంది అమ్మ. "నా ఒంటి మీదున్నదంతా నీదేగా. అదేం పోటీయో చూడొద్దూ?"

పోటీ రోజు మధ్యాహ్నం పిన్ని వచ్చి అక్కగారికి జడ వేస్తోంది. "నువ్వు పద, ఒంటికి రంగు పూయించుకోవాలిగా. మేం వెనకాలే వస్తాం," అంది అమ్మ. గుమ్మం దాకా నడిచొచ్చి చెయ్యి ఊపింది.

స్టేజీ మీద అతను వరసలో చివర నిలబడ్డాడు. పక్కవాళ్ల ముందు ఎముకల గూడులా ఉన్నాడు. జడ్జీలు అతని వైపు చూడనే లేదు. ముందు వరసలో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అతను వాటినే చూస్తున్నాడు. వెనక్కి తిరగమన్నారు. తిరిగి చేతులు పైకెత్తాడు.

అప్పుడు వచ్చింది. ముందు వీపులోకి, తర్వాత భుజాల్లోకి, తొడల్లోకి, ఎండిపోయిన చోటల్లా నింపుకుంటూ, వెచ్చగా. జనం ఈలలు వేశారు. ఇంత బరువు ఒక్కసారిగా ఎప్పుడొస్తుందో అతనికి తెలుసు.

"వద్దమ్మా," అన్నాడు తెర వైపు మొహం పెట్టి. పొట్ట లోపలికి లాక్కున్నాడు. ఊపిరంతా వదిలేశాడు, తనలో ఎక్కడా చోటు లేకుండా చేద్దామని. "నీ దగ్గరే ఉంచుకోమ్మా." అది ఆగలేదు. మొత్తం వచ్చేసింది.

ముందుకి తిరిగేసరికి మొహం మీద రంగు చారలు కట్టింది. జడ్జీలు అతని మొహం చూడలేదు, ఒళ్లు చూస్తున్నారు. మొదటి బహుమతి అతనికే వచ్చింది. మాస్టారు స్టేజీ మీదకి ఎగబాకి వాటేసుకున్నాడు.

"మూడింట్లో రెండు కొట్టావురా!"

అతను మాస్టారి భుజం మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడుస్తుంటే జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఇంటికెళ్లేసరికి పిన్ని గుమ్మంలో కూలబడి ఉంది. అమ్మ ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని, కుర్చీలో ఒరిగిపోయి ఉంది.

మరుసటి ఏడు కూడా మాస్టారు వదల్లేదు, పోటీకి రమ్మని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. అతను వారాల తరబడి నోరు కట్టుకున్నాడు. తూకం ముల్లు ఇసుమంతైనా కదల్లేదు.

"దొంగచాటుగా ఏం మెక్కుతున్నావురా?"

"ఏం తినట్లేదు మాస్టారూ."

"మరి దిగదేం?"

"దిగితే తీసుకోడానికి ఎవరో ఒకరు ఉండాలిగా," అన్నాడు అతను. "ఇంట్లో నేనొక్కణ్నే."