ఒక్కరు తక్కువ

అధ్యక్షురాలి కుర్చీ తుడవడం అయిపోయి, సభ్యుల కుర్చీల వరసలోకి వచ్చింది గంటమ్మ. మున్సిపల్ ఆఫీసు కింది అంతస్తులో నీళ్ళు సగం మెట్లెక్కి కూర్చున్నాయి. పన్నుల కౌంటరు బల్ల తలకిందులుగా తేలుతోంది. అయినా పై హాల్లో కుర్చీలు తుడవకపోతే ఆమెకు పొద్దు పొడిచినట్టుండదు. వాన పడుతోందని దుమ్ము సెలవు పెడుతుందా?

పొట్టి మనిషి. తిరిగి తిరిగి వెడల్పయిపోయిన పాదాలు. కుడిచెయ్యి ఎడమదానికన్నా కాస్త లావు. కౌన్సిలు సమావేశం మొదలయ్యే ముందు ఇత్తడి గంట ఎత్తి మోగించేది ఆమే కాబట్టి, ఆ కండ గంట పెంచిందేనని ఆఫీసులో వేళాకోళం. అటెండరుగా చేరిన ఏడాదికే అందరూ గంటమ్మ అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే పలకడానికి ఆమెకే కాసేపు పడుతుంది.

తెల్లవారుతూనే కూతుర్నీ మనవడినీ బడి మేడ మీదికి ఎక్కించి, నడుం లోతు నీళ్ళలో ఈదినట్టే నడిచి ఆఫీసుకొచ్చింది. ఇల్లు పల్లపు కాలనీలో. ఆమె బయల్దేరేసరికే నీళ్ళు కిటికీల దాకా వచ్చాయి.

కమిషనరు కిటికీ దగ్గర నిలబడి ఉంది. చిన్న వయసే, కానీ మూడు రోజులుగా ఆఫీసు వదలకపోవడంతో కళ్ళ కింద నల్లటి చారలు పడ్డాయి. చేతిలో చార్జింగు అయిపోయిన ఫోను.

"గంటమ్మగారూ, బడి గోడ నెర్రె ఇచ్చిందట," అంది అటు తిరక్కుండానే.

గంటమ్మ చేతిలో గుడ్డ ఆగింది. మళ్ళీ కదిలింది.

ఆ ఊరిని ఎత్తు రోడ్డు నడిమికి చీలుస్తుంది. రోడ్డుకు ఇవతల పల్లపు కాలనీ, అవతల బజారు, బజారు దాటితే ఏరు. వాననీళ్ళన్నీ కాలనీలోకి దిగి, రోడ్డు అడ్డు పడటంతో ఏటికి చేరలేక పైకి లేస్తాయి. రోడ్డుకు గండి కొడితే కాలనీ తేలుతుంది, బజారు మునుగుతుంది. వెనకటి వరదలో ఎవరో గునపాలు పట్టుకెళ్ళి అడ్డదిడ్డంగా కొట్టేశారు. రెండు వైపులా కర్రలు లేచాయి. ఒకడికి కన్ను పోయింది. అప్పట్నుంచీ కౌన్సిలు ఒక నియమం పెట్టుకుంది. సగం మందికి పైగా సభ్యులు కూచుని సరే అంటే తప్ప ఆ రోడ్డు మీంచి పిడికెడు మట్టి తియ్యకూడదు.

"ఇంజనీరుగారు మట్టి తవ్వే మిషను పట్టుకుని అక్కడే ఉన్నారు," అంది కమిషనరు. "బజారు వాళ్ళు అడ్డం నిలబడ్డారు. నేను ఉత్తర్వు ఇవ్వొచ్చు. కానీ మళ్ళీ తలకాయలు పగులుతాయి. కౌన్సిలు చెబితే వింటామంటున్నారు."

"అయితే కౌన్సిలు పెట్టండమ్మా."

"అధ్యక్షురాలు పొరుగూళ్ళో చిక్కుకుపోయారు. ఫోన్లు లేవు. ఈ నీళ్ళలో మిగతావాళ్ళని ఎవరు పిలుస్తారు?"

గంటమ్మ గుడ్డ పిండి కిటికీ ఊచకు ఆరేసింది. "నాకు జీతమిస్తున్నది పిలవడానికేగా అమ్మా."

*

అగ్నిమాపక శాఖ వాళ్ళ రబ్బరు పడవ ఒకటి మెట్ల దగ్గర ఉంది. పడవ నడిపేవాడు గంటమ్మను ఎక్కించుకుంటూ, "ఎటు పోనివ్వమంటావక్కా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు ఆమె తడుముకోలేదు. ఇన్నేళ్ళుగా సమావేశం నోటీసులు పట్టుకుని ఇంటింటికీ తిరిగిన మనిషి. ఎవరి గేటు కిర్రుమంటుందో, ఎవరి కుక్క కరుస్తుందో, ఎవరు లోపలుండి లేరనిపిస్తారో అన్నీ కాళ్ళకు తెలుసు. ఇప్పుడు గేట్లు నీళ్ళ కిందున్నాయి, కుక్కలు గోడలెక్కాయి. లోపలుండి లేరనిపించే వీలు ఎవరికీ లేదు.

ఉపాధ్యక్షుడు పళ్ళ డాక్టరు. పిలవగానే మేడ మీంచి నిచ్చెన దించుకుని దిగాడు. టీచరమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని కిటికీలోంచే పడవలోకి కాలు పెట్టింది. మరొకాయన గడ్డం సగం గీసుకుని, సగం సబ్బుతో వచ్చాడు. పడవ వాళ్ళను ఆఫీసు మెట్ల దగ్గర దింపడం, మళ్ళీ తిరగడం. వాన సన్నబడింది గానీ ఆగలేదు.

బట్టల కొట్టు యజమాని దగ్గరే చిక్కు వచ్చింది. ఆయన బజారు వార్డు సభ్యుడు. పడవ రోడ్డుకు ఆనించి, మిగతా దూరం గంటమ్మ నడిచి వెళ్ళింది. కొట్టు ముందు అరుగు మీద, ఇసక బస్తాల మధ్య నిలబడి ఉన్నాడాయన.

"నీ ఇల్లు పల్లంలో కదూ," అన్నాడు ఆమె నోరు తెరవకముందే. "అందుకేనా ఈ పడవ షికారు?"

ఎవరో ఇద్దరు నవ్వారు. గంటమ్మ నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు.

"అవునండీ, పల్లంలోనే. నా కూతురూ మనవడూ నెర్రిచ్చిన బడి మీదున్నారు. మీ కొట్టూ ఇల్లూ బజార్లో ఉన్నాయి. అందుకే నన్నొక్కదాన్నీ తేల్చమనలేదు, మిమ్మల్నొక్కరినీ తేల్చమనలేదు. అందరూ కూచుని తేల్చమన్నారు. పిలవడం నా పని. చెయ్యెత్తడం మీ పని."

"రానంటే?"

"మీ కుర్చీ ఖాళీగా ఉంటుంది. తుడిచే వచ్చానండీ."

ఆమె వెనక్కి తిరిగి నడిచింది. పడవ దగ్గరికి చేరేసరికి వెనకాల నీళ్ళు తపతపమన్నాయి. బట్టల కొట్టాయన పంట్లాం మోకాళ్ళ పైకి మడుచుకుని, ఎవర్నో తిట్టుకుంటూ వస్తున్నాడు.

*

హాల్లో ఉపాధ్యక్షుడు వేలితో చూపిస్తూ లెక్క పెట్టాడు. మళ్ళీ పెట్టాడు.

"ఒక్కరు తక్కువ," అన్నాడు.

రాగలిగినవాళ్ళంతా వచ్చేశారు. మిగతావాళ్ళు ఏటికి అవతలున్నారు. ఇవతల మిగిలింది ఒక్కరే. ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు గానీ, అందరి మొహాల్లోకీ ఒక్కసారే వచ్చింది. చివరికి టీచరమ్మ నవ్వేసింది. "కాదుగారా? దేవుడా!"

ఒకప్పుడు రైలు గార్డు ఆయన. ఎర్రజెండా చేతికి అలవాటై నోటికీ అంటుకుందని అనేవారు. ఏ తీర్మానం వచ్చినా మొట్టమొదట "కాదు" అనేవాడు. ఆ మాటే ఆయనకు పేరైపోయింది. వేసవిలో కింద పడ్డ దగ్గర్నుంచీ మంచం దిగలేదు.

పడవ ఆయన ఇంటివైపు తిరుగుతుంటే గంటమ్మకు ఆ హాల్లోకి తను మొదటిసారి వచ్చిన రోజు తలపుకొచ్చింది. ఇదే ఆఫీసులో పనిచేసే భర్త జ్వరంతో పోయాడు. చంకలో పాలు మానని పిల్ల. ఆమెకు తాత్కాలికంగా ఉద్యోగం ఇవ్వాలని తీర్మానం. గుమ్మం పక్కన నిలబడి వింటుంటే ఆయన గొంతు ఖంగుమంది, "కాదు!" పిల్లను ఎగేసుకుని వెనక్కి తిరగబోయింది. అప్పుడాయన రెండో మాట అన్నాడు. "తాత్కాలికం కాదు. ఆ పిల్ల ఆకలి తాత్కాలికమా? శాశ్వతం చెయ్యండి." ఆ పైన ఆయన కాదన్నప్పుడల్లా ఊరంతా విసుక్కునేది. గంటమ్మ మాత్రం రెండో మాట కోసం చెవి ఒగ్గేది.

కోడలు మెట్ల మీదే ఎదురొచ్చింది. "అక్కా, డాక్టరు మంచం దిగొద్దన్నాడు. గుండె చెప్పుచేతల్లో లేదు."

"బలవంతం చెయ్యనమ్మా. చెప్పి వెళ్ళిపోతా."

లోపల్నుంచి గొంతు. "ఎవరది?"

"నేనే బాబాయిగారూ, గంటమ్మని. సమావేశం. ఎత్తు రోడ్డు కొట్టాలా వద్దా అని. ఒక్కరు తక్కువయ్యారు."

మంచం మీద మనిషి దుప్పట్లో కలిసిపోయి ఉన్నాడు. కళ్ళు మాత్రం పాతవే. "నన్నడిగితే కాదంటానని తెలీదూ?"

"తెలుసండీ. కాదనడానికైనా రావాలిగా."

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగి, అందులోంచి ఎప్పటికో తేలింది. కోడలు వీపు నిమురుతూ, "వద్దు మామయ్యా, నా మాట వినండి," అంది.

"కాదు," అన్నాడాయన. "ఇస్త్రీ చొక్కా ఉందా? అది తే."

కుర్చీలో కూర్చోబెట్టి, చెరోవైపు పట్టుకుని పడవలోకి దించారు. కోడలు గొడుగు పట్టుకుని పక్కనే కూచుంది. దారి పొడుగునా ఆయన మునిగిన వీధుల్ని, చాలా రోజుల తర్వాత చుట్టాలింటికి వచ్చినవాడిలా చూశాడు.

*

గంటమ్మ గంట ఎత్తి మోగించింది. తడిసిన బట్టలతో కూచున్న సభ్యులంతా అలవాటు కొద్దీ సర్దుకున్నారు. కింద నీళ్ళలో బల్లలు గోడలకు కొట్టుకుంటున్నా, ఆ చప్పుడుతో హాలు మళ్ళీ కౌన్సిలు హాలయింది.

ఉపాధ్యక్షుడు విషయం చదివాడు. టీచరమ్మ బడి గోడ సంగతి చెప్పింది. బట్టల కొట్టాయన లేచాడు. గట్టిగా మాట్లాడాలనే లేచాడు కానీ మాట మెత్తగా వచ్చింది. "బజారంటే మేమొక్కళ్ళమే అనుకుంటున్నారు. నా కొట్లో కుట్టుపని చేసే ఆడాళ్ళున్నారు. గుడ్డ తడిస్తే వాళ్ళకి మూడు నెలలు పనుండదు. వాళ్ళని ఎవరు చూస్తారు?" అని కూర్చున్నాడు.



"కాదు," అన్నాడు రైలు గార్డు.

హాలంతా ఉస్సురుమంది. ఎవరో నుదురు కొట్టుకున్నారు. గుమ్మం దగ్గర గంటమ్మ చెవి ఒగ్గింది.

"ఇలా కాదు," అన్నాడు ఆయన, మాటకూ మాటకూ మధ్య గాలి పీల్చుకుంటూ. "సరుకు కిందుండగా కొడితే అది దెబ్బ. పైకెక్కించాక కొడితే సాయం. ముందు సరుకు మొయ్యండి."

"ఎవరు మోస్తారండీ? ఎక్కడ పెడతారు?" అన్నాడు బట్టల కొట్టాయన.

"పెట్టేది ఇక్కడ. ఇంత హాలుంది, ఇన్నాళ్ళూ మాటలు తప్ప ఏం నింపాం ఇందులో? మోసేది పల్లం వాళ్ళు. ఇళ్ళు మునిగినవాళ్ళ చేతులు ఖాళీగానే ఉంటాయి."

"నా సరుకు వాళ్ళు మోస్తారా?"

కమిషనరు గుమ్మం వైపు తిరిగింది. "గంటమ్మగారూ, పిలిస్తే వస్తారా?"

ఆ హాల్లో గంటే తప్ప తన గొంతు ఎప్పుడూ వినిపించలేదు గంటమ్మ. గుమ్మం దాటి ఒకడుగు లోపలికి వేసింది.

"ఇవాళ నేను పిలిచి రానివాళ్ళెవరమ్మా?"

నవ్వులు లేచాయి. బట్టల కొట్టాయన కూడా నవ్వాడు, నవ్వకూడదనుకుంటూనే. చేతులెత్తమంటే ఒకటొకటిగా లేచాయి. ఆయన ఆఖర్న, తల వంచుకుని ఎత్తాడు. రైలు గార్డు చెయ్యి భుజం దాటి లేవలేదు. ఎడమచేతిని మోచేతి కింద ఆనించి, లెక్క పెట్టేదాకా అలాగే పట్టుకున్నాడు.

*

గంటమ్మ బడి కింద పడవలో నిలబడి పిలిచింది. మొదట ఎవరూ కదల్లేదు. "వాళ్ళ సరుకు మనమెందుకు మొయ్యాలి?" అన్నాడొకడు పైనుంచి.

"వాళ్ళ బజార్లోంచే కదరా మన నీళ్ళు పోవాలి!" అంది గంటమ్మ. "ఒకరి గడపలోంచి నడిచేటప్పుడు గడప మీది సామాను పక్కకు పెట్టమా?"

ముందు ఆమె కూతురే దిగింది, పిల్లాణ్ణి పక్కావిడ చేతికిచ్చి. ఆ తర్వాత మేడ ఖాళీ అయినంత పనయింది. రోడ్డు దాటి బజారు నుంచి ఆఫీసు దాకా మనుషుల వరస. బట్టల తానులు, పప్పు బస్తాలు, మందుల పెట్టెలు, కుట్టు మిషన్లు తలల మీదుగా, చేతుల మీదుగా కదిలాయి. పొద్దున రోడ్డు మీద కర్రలు పట్టుకున్నవాళ్ళు కర్రలు పడేసి వరసలో కలిశారు. కుట్టుపని చేసే ఆడవాళ్ళు మూటల మీద గుర్తులు పెట్టారు. గంటమ్మ తుడిచిన కుర్చీల మీద తానులు పేర్చేశారు. అధ్యక్షురాలి కుర్చీలో ఒక కుట్టు మిషను దర్జాగా కూచుంది.

మధ్యాహ్నం దాటాక మట్టి తవ్వే మిషను రోడ్డు మీద పన్ను దించింది. అందరూ ఆఫీసు మేడెక్కారు. ముందు సన్నటి పాయ. చూస్తుండగానే గండి వెడల్పయి, కాలనీ నీళ్ళు రంకె వేస్తూ బజారు వీధిలోకి దూకి, మూసిన కొట్ల అరుగుల్ని ఒరుసుకుంటూ ఏటివైపు పరుగు తీశాయి. కాలనీ గోడల మీద తడి చార బయటపడింది. కిటికీలు తేలాయి. తలుపులు తేలాయి. బడి మేడ మీద మనవడు కంచం ఒకటి గాల్లో ఊపుతున్నాడు. ఆఫీసు మేడ మీద ఎవరు ఎవర్ని కావలించుకున్నారో వాళ్ళకే తెలీదు. బట్టల కొట్టాయన గంటమ్మ చెయ్యి పట్టుకుని ఊపేసి, ఏమనాలో తెలీక, "గట్టి చెయ్యే నీది," అన్నాడు.

గంటమ్మ స్టవ్ పైకి తెచ్చి అందరికీ టీ పెట్టింది. కుర్చీతో సహా పైకి మోసుకొచ్చిన రైలు గార్డు పిట్టగోడ పక్కన కూచుని నీళ్ళు పోయే దిక్కే చూస్తున్నాడు.

"చక్కెర తక్కువ," అన్నాడు ఒక గుక్క తాగి.

"మీకు వెయ్యొద్దన్నారుగా డాక్టరు."

"మొత్తానికి పంపించేశావే, గంటమ్మా," అన్నాడు నీళ్ళను చూపిస్తూ.

"నేనేం చేశానండీ? పిలిచానంతే."

"అదే," అన్నాడాయన.

కోడలు తొందరపెట్టింది. మళ్ళీ కుర్చీతో సహా పడవలోకి దించారు. వెళ్తూ వెళ్తూ ఒక చెయ్యి పైకెత్తాడు. ఈసారి భుజం దాటింది.

వెలుగు తగ్గుతుండగా పడవ నడిపేవాడు ఒక్కడే తిరిగొచ్చాడు. పడవ తాడు మెట్ల ఊచకు కట్టాడు.

"పెద్దాయన పోయాడక్కా," అన్నాడు. "ఇంటి దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. పడవ గుమ్మానికి ఆనించి, దిగుదాం పెద్దాయనా అన్నాను. పలకలేదు."

గంటమ్మ ఉన్నచోటే మెట్టు మీద కూచుంది. "నేను తీసుకురాకపోతే..." అంది.

"కోడలుగారు నీకొక మాట చెప్పమంది. మంచంలో కుళ్ళిపోతాడని రోజూ ఏడ్చేదట. ఇస్త్రీ చొక్కాలో పోయాడని చెప్పు, బాధపడొద్దని చెప్పు, అంది."

గంటమ్మ లేచింది. ముందు రేపటికి కౌంటర్లు ఎక్కడ పెట్టాలో కమిషనరును అడిగింది. మేడ మీద, వాన లేకపోతే, అనుకున్నారు. బల్లలు లాగి వరసగా వేసింది. టీ గ్లాసులన్నీ ఏరి, కడిగి, బోర్లించింది. మబ్బు విడిన చోట కాస్త ఎర్రటి వెలుగు మిగిలింది. కింద నీళ్ళు ఇంకా ఏటివైపు నడుస్తూనే ఉన్నాయి. పిట్టగోడ మీద ఒక గ్లాసు మాత్రం అలాగే ఉంది, సగం టీతో, పైన పల్చగా మీగడ కట్టి.